వాటాల లెక్క: ముందు తేదీ రాయండి

మన ముస్లిం ఇళ్ళలో ఎవరైనా పోయి, వారసత్వం వాటాలు తేల్చమని ఇంటివాళ్ళు నా దగ్గరికి వచ్చినప్పుడు పొలం ఎంత, ఇల్లు ఎంత, బ్యాంకులో ఎంత అని మొదలుపెడతారు. నేను కాగితం మీద ముందు రాసేది తేదీ. ఆ మనిషి ఏ రోజు పోయారు? ఆ రోజుకి ఎవరెవరు బతికున్నారు? ఈ రెండూ తేలకుండా వాటాల జోలికి పోతే ఆ కాగితం చింపి మళ్ళీ రాయాల్సిందే.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. మౌల్వీని కాను, వకీలునీ కాను. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నూర్‌బాషా కుటుంబం, తాతల నాటి పని దూదేకడం, పరుపులు కుట్టడం. ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఉర్దూలో రాసిన ఫత్వా చేతిలో పెడితే చదవలేనివాళ్ళు మాలో చాలామంది ఉన్నారు. అందుకే జుమా నమాజు అయ్యాక మసీదు వరండాలో నా పక్కన కూర్చుని "మాస్టారూ, మా అమ్మకి ఎంతొస్తుందో కాస్త చూడండి" అంటారు. నేను చెప్పేది సున్నీల్లో హనఫీ పద్ధతి. మన రెండు రాష్ట్రాల్లోనూ ముస్లింలలో ఎక్కువమంది పాటించేది అదే. షియాల లెక్క వేరు.

ఇది మసీదు వరకేనా, కోర్టులో కూడా చెల్లుతుందా అని కుర్రాళ్ళు అడుగుతారు. చెల్లుతుంది. 1937 షరియత్ చట్టం ప్రకారం మన దగ్గర ముస్లింల వారసత్వానికి వర్తించేది షరియతే, ఊరి ఆచారం కాదు. ఆ చట్టంలో మొదట వ్యవసాయ భూమిని పక్కన పెట్టారు. మద్రాసు రాష్ట్రం 1949లో ఆ మినహాయింపు తీసేసింది. మా ఊరు అప్పట్లో మద్రాసు రాష్ట్రంలోదే. కాబట్టి "ఇంటికి షరియతు, పొలానికి మన పద్ధతి" అనే మా పెద్దాళ్ళ మాట ఎప్పుడో చెల్లకుండా పోయింది. ఆ మాటతో ఎంతమంది ఆడపిల్లల మాగాణి అన్నదమ్ముల కిందికి పోయిందో చెప్పాలంటే మా ఊరి సర్వే నంబర్లన్నీ చదవాలి.

ఇంకో గందరగోళం పక్క వీధి నుంచి వస్తుంది. తాతల ఆస్తిలో పుట్టుకతోనే హక్కు ఉంటుందని, 1985లో మన రాష్ట్రంలో, 2005లో దేశమంతా ఆడపిల్లలకీ ఆ హక్కు వచ్చిందని అందరూ విని ఉంటారు. అవి హిందూ కుటుంబాల చట్టాలు. మనకి తాతల ఆస్తి, స్వార్జితం అనే తేడా లేదు. తండ్రి బతికున్నంతకాలం ఆస్తి మొత్తం ఆయనదే. కొడుకు "నా వాటా నాకు పంచు" అనడానికి లేదు. ఊపిరి ఆగిన క్షణాన వాటాలు పుడతాయి. పంచినా పంచకపోయినా ఆ క్షణం నుంచి ఎవరిది వాళ్ళదే.

పంచే ముందు తీసెయ్యాల్సినవి

ముందు కఫను గుడ్డ, ఖననం ఖర్చు. తర్వాత అప్పులు. బ్యాంకు పంట రుణం దగ్గర్నుంచి కిరాణా కొట్టు ఖాతా దాకా అన్నీ. ఆ తర్వాత వసీయత్, అంటే వీలునామా. ఇవన్నీ పోగా మిగిలిందే తర్కా. వంతులు వేసేది దాని మీదే.

అప్పుల్లో అందరూ మర్చిపోయేది మెహర్, అంటే పెళ్ళప్పుడు భార్యకి ఇస్తానని భర్త ఒప్పుకునే సొమ్ము. నికానామాలో రాసి ఇవ్వకుండా ఉంచింది భర్త నెత్తిన అప్పే. మా అమ్మకి 1958లో రాసిన మెహర్ 500 రూపాయలు. నాన్న 1996లో పోయినప్పుడు జనాజా ఇంకా వాకిట్లో ఉండగానే ఎవరో పెద్దాయన "అమ్మా, మెహర్ మాఫ్ చేశానని ఒక్క మాట అను" అన్నాడు. అమ్మ తల ఊపింది. ఆ ఊపిన తలకి విలువ లేదని నా అభిప్రాయం. కట్టుకున్నవాడి శవం ముందు కూర్చున్న మనిషిని ఏం అడిగినా ఊపుతుంది. మాఫ్ అనేది ఇష్టపడి చెయ్యాలి. దుఃఖంలో అన్న మాటను కోర్టులు కూడా లెక్కలోకి తీసుకోని సందర్భాలున్నాయి. తర్వాత నేను ఆ 500 అమ్మ చేతిలో పెడితే నవ్వి, మనవరాలికి గాజులు కొంది. ఒంటి మీది బంగారం, పుట్టింటివాళ్ళు పెట్టిన సామాను కూడా అమ్మవే. వాటిని తీసుకొచ్చి నాన్న ఆస్తిలో కలపకూడదు.

బ్యాంకు డిపాజిట్‌కి నామినీగా పేరున్నంత మాత్రాన ఆ డబ్బు ఆ మనిషి సొంతం కాదు. బ్యాంకు దగ్గర తీసుకుని వారసులందరికీ పంచాల్సిన బాధ్యత మాత్రమే అది.

వసీయత్ మూడో వంతు దాటకూడదు. సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ జబ్బుపడి, నాకున్నది ఒక్క కూతురే, ఆస్తిలో మూడింట రెండు వంతులు దానం చెయ్యనా అని ప్రవక్తను అడిగారు. వద్దన్నారు. సగం? వద్దు. మూడో వంతు? సరే, అదీ ఎక్కువే అన్నారు. ఈ హద్దు అక్కడి నుంచి వచ్చింది. వారసుడయ్యే మనిషికి వసీయత్ రాస్తే, మిగతా వారసులు ఆయన పోయాక ఒప్పుకుంటేనే చెల్లుతుంది. "ఇల్లు పెద్దోడికే" అని తండ్రి రాసిపెట్టిన కాగితాలు సగం ఇక్కడే ఆగిపోతాయి.

వంతులు

ఈ వంతులు ఖురాన్‌లో సూరా నిసా అనే అధ్యాయంలో 11, 12, 176 ఆయతుల్లో (వాక్యాల్లో) ఉన్నాయి. ఉహుద్ యుద్ధంలో సఅద్ బిన్ రబీ చనిపోయాక ఆయన సోదరుడు ఆస్తంతా పట్టుకుపోయాడు. ఆ భార్య ఇద్దరు ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని ప్రవక్త దగ్గరికి వెళ్ళింది. వచ్చిన తీర్పు: కూతుళ్ళిద్దరికీ కలిపి మూడింట రెండు, భార్యకి ఎనిమిదో వంతు, మిగిలింది సోదరుడికి. 24 భాగాలు చేస్తే 16, 3, 5. నేను ఎవరికి నేర్పినా మొదటి లెక్కగా ఇదే ఇస్తాను. ఎందుకంటే ఇందులో రెండు రకాల వారసులూ ఉన్నారు. కూతుళ్ళకీ భార్యకీ ఖురాన్ వంతు కట్టింది. సోదరుడికి కట్టిన వంతేమీ లేదు, మిగిలింది తీసుకుంటాడు. అలా మిగిలింది తీసుకునేవాళ్ళని అసబా అంటారు.

ఆరుగురిని ఎవరూ పక్కకి నెట్టలేరు: భర్త, భార్య, తండ్రి, తల్లి, కొడుకు, కూతురు. ఎంతొస్తుందన్నది మారొచ్చు గానీ, ఏమీ రాకుండా పోదు. పోయినామెకి పిల్లలు లేకపోతే భర్తకి సగం, ఉంటే పావు. పోయినాయనకి పిల్లలు లేకపోతే భార్యకి పావు, ఉంటే ఎనిమిదో వంతు; ఇద్దరు భార్యలుంటే ఆ ఎనిమిదో వంతునే ఇద్దరూ పంచుకోవాలి. ఒక్క కూతురే ఉంటే సగం, ఇద్దరో అంతకన్నా ఎక్కువో ఉంటే అందరికీ కలిపి మూడింట రెండు. కొడుకు కూడా ఉంటే కూతురికి కట్టిన వంతు ఉండదు, ఇద్దరూ కలిసి మిగిలింది తీసుకుంటారు, కొడుక్కి రెండు పాళ్ళు కూతురికి ఒకటి. పోయినవాళ్ళకి పిల్లలుంటే తల్లికి ఆరో వంతు, తండ్రికి ఆరో వంతు. కొడుకులు లేకుండా కూతుళ్ళే ఉంటే, ఆరో వంతు తీసుకున్నాక మిగిలింది కూడా తండ్రిదే.

పిల్లలు లేనప్పుడు తల్లికి మూడో వంతు, మిగిలింది తండ్రికి. ఇక్కడొక మెలిక ఉంది. పోయినాయనకి అన్నదమ్ములో అక్కచెల్లెళ్ళో ఇద్దరుంటే తల్లి మూడో వంతు ఆరో వంతుకి దిగుతుంది. తండ్రి బతికున్నాడు కాబట్టి ఆ తోబుట్టువులకి పైసా రాదు, అయినా తల్లి వాటాని మాత్రం తగ్గిస్తారు. మొదటిసారి చూసినప్పుడు నేను తప్పు రాశాననుకుని మూడుసార్లు సరిచూసుకున్నాను.

పెళ్ళై ఏడాది కాని కుర్రాడు బండి యాక్సిడెంట్‌లో పోతే, అత్తింట్లో మొదట వినపడేది "పిల్లలు లేరు కదా, కోడలికి ఇంకేముంది" అన్న మాట. పిల్లలు లేరు కాబట్టే ఆమెకి పావు వాటా వస్తుంది. భార్య, తల్లి, తండ్రి మాత్రమే ఉంటే నాలుగు భాగాలు చెయ్యండి: భార్యకి ఒకటి, తల్లికి ఒకటి, తండ్రికి రెండు. ఇక్కడ తల్లికిచ్చే మూడో వంతు మొత్తం మీద కాదు, భార్య వాటా తీసేశాక మిగిలిన దాని మీద. ఆ అమ్మాయి రేపు మళ్ళీ పెళ్ళి చేసుకున్నా ఈ పావు పోదు.

కొడుకు గానీ తండ్రి గానీ ఉంటే అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్ళకీ రాదు. ఒక్క కొడుకు బతికున్నా, అంతకుముందే చనిపోయిన ఇంకో కొడుకు పిల్లలకి రాదు. ఈ చివరి మాట దగ్గర వరండాలో గొంతులు లేస్తాయి. నాకూ మింగుడు పడదు. పాకిస్తాన్ 1961లో చట్టం చేసి ఆ పిల్లలకి తండ్రి వాటా ఇప్పించింది. ఈజిప్టు 1946లోనే మూడో వంతు లోపల వాళ్ళకి తప్పనిసరి వసీయత్ పెట్టింది. మన దగ్గర అలాంటిదేమీ లేదు. తాతయ్య బతికుండగానే హిబా, అంటే దానంగా ఇచ్చెయ్యడం, చెయ్యాలి, లేదా మూడో వంతులోపు వసీయత్ రాయాలి. పెంచుకున్న పిల్లలకీ, భార్య మొదటి పెళ్ళి పిల్లలకీ కూడా ఇవే దారులు.

మా ఇంటి లెక్క

నాన్నకి 2 ఎకరాల 40 సెంట్ల మాగాణి ఉండేది. ఆయన పోయేనాటికి అమ్మ, నేను, తమ్ముడు, ముగ్గురు అక్కచెల్లెళ్ళం. అమ్మకి ఎనిమిదో వంతు. మిగిలిన ఏడు వంతుల్లో కొడుకులిద్దరికీ రెండేసి పాళ్ళు, ఆడపిల్లలు ముగ్గురికీ ఒక్కోటి, మొత్తం ఏడు పాళ్ళు. అంటే ఒక్కో పాలు కూడా ఎనిమిదో వంతే. ఇంత అందంగా తేలే లెక్క అరుదు. 240 సెంట్లని ఎనిమిదితో భాగిస్తే 30. అమ్మకి 30, ఆడపిల్లలకి తలా 30, మా ఇద్దరికీ చెరో 60. పదో తరగతి పిల్లవాడు అయిదు నిమిషాల్లో చేస్తాడు. లెక్కల మాస్టారైన నాకు ఇరవై ఏళ్ళు పట్టింది.

కారణం పెద్దదేం కాదు. అక్క ఏమనుకుంటుందో, బావ ఏమంటాడో, పొలం ముక్కలైతే ఎట్లా అని. నేనే కౌలుకిస్తూ డబ్బు తీసుకుంటూ వచ్చాను. 2009లో తమ్ముడు పోయాడు. వాడికి భార్య, ఒక కూతురు. వాడి 60 సెంట్లు మళ్ళీ పంచాలి. 24 భాగాలు: భార్యకి 3, అమ్మకి 4, కూతురికి సగం కాబట్టి 12. మొత్తం 19. మిగిలిన 5 తోబుట్టువులకి, అంటే నాకు 2, అక్కచెల్లెళ్ళకి ఒక్కోటి. భాగానికి రెండున్నర సెంట్లు. మరదలికి ఏడున్నర, అమ్మకి 10, పాపకి 30, నాకు 5, ఆడపిల్లలకి రెండున్నర చొప్పున.

2014లో అమ్మ పోయింది. అప్పటికి అమ్మది 30, 10 కలిపి 40 సెంట్లు. ఒక కొడుకు, ముగ్గురు కూతుళ్ళు, అయిదు పాళ్ళు. నాకు 16, వాళ్ళకి తలా 8. తమ్ముడి కూతురికి నాయనమ్మ నుంచి ఏమీ రాదు, నేను బతికున్నాను కాబట్టి.

అన్నీ కూడితే నాకు 81, అక్కచెల్లెళ్ళకి తలా నలభైన్నర, మరదలికి ఏడున్నర, పాపకి 30. మొదట ఎనిమిది భాగాలతో తేలే ఆస్తి, భిన్నాల్లో రాస్తే 160 భాగాలైంది. ఆలస్యం చేసినందుకు ఎవరి వాటా మారలేదు, అది నిజం. మారింది ఏంటంటే, తమ్ముడి పేరు ఒక్కరోజు కూడా పాసు పుస్తకంలో లేదు. వాడి భార్య బ్యాంకుకి వెళ్ళి పంట రుణం అడగలేకపోయింది. ఇరవై ఏళ్ళ కౌలు నా జేబులో పడింది. వాళ్ళవాళ్ళ సెంట్ల మీద ఆ బాకీ కట్టి చూస్తే నాకు చెమటలు పట్టాయి. మూడు పంటల డబ్బు దాంట్లోకే పోయింది.

ఇక్కడే తేదీ సంగతి. మా పెదనాన్న కొడుకు "తండ్రి లేని మనవరాలికి తాత ఆస్తిలో రాదు కదరా, పాపకి 30 ఎందుకు?" అన్నాడు. సగం తెలిసిన రూలు ఎంత పని చేస్తుందో చూడండి. తమ్ముడు నాన్న తర్వాత పోయాడు. నాన్న పోయిన క్షణానే 60 సెంట్లు వాడివైపోయాయి. పాప తీసుకునేది తాత ఆస్తి కాదు, తండ్రి ఆస్తి. వాడే నాన్నకంటే ఒక్క రోజు ముందు పోయుంటే పాపకి సున్నా. అందుకే డెత్ సర్టిఫికెట్లన్నీ వరసగా బల్ల మీద పెట్టి, ముందు పోయినవాళ్ళ దగ్గర్నుంచి ఒక్కొక్కరి లెక్కా విడిగా చెయ్యండి. రెండు చావుల్ని కలిపి ఒకే పట్టిక వేస్తే తప్పు రావడం ఖాయం.

అమ్మ పాపకి కొంత ఇవ్వాలని అంటుండేది. 40 సెంట్లలో మూడో వంతు, అంటే పదమూడు సెంట్ల పైచిలుకు వసీయత్ రాసే హక్కు ఆమెకి ఉండింది. పాప వారసురాలు కాదు కాబట్టి ఎవరి ఒప్పుదలా అక్కర్లేదు. కూర్చోబెట్టి రాయించాల్సింది నేను. రాయించలేదు. పంపకాల రోజు పెద్దక్కే "అమ్మ నుంచి వచ్చిందాంట్లో తలా పావు తీసి పాపకిద్దాం రా" అంది. నాది 4, వాళ్ళవి రెండేసి, మొత్తం 10 సెంట్లు హిబా చేశాం. ముందు సర్వేయర్‌తో కొలిపించి, హద్దురాళ్ళు పాతించి, తర్వాత ఇచ్చాం. విడగొట్టడానికి వీలున్న ఆస్తిలో విడగొట్టని వాటాని హిబా చేస్తే హనఫీ పద్ధతిలో అది పూర్తి కాదు. ఇస్తున్నానని చెప్పడం, తీసుకున్నానని చెప్పడం, స్వాధీనం చెయ్యడం, ఈ మూడూ ఉండాలి. నోటి హిబా చట్టప్రకారం చెల్లుతుంది గానీ, ఆఫీసుల చుట్టూ తిరిగే ఓపిక లేక మేం రిజిస్టర్ చేయించాం.

అక్కచెల్లెళ్ళ "వద్దులే"

కట్నం ఇచ్చాం కదా, పెళ్ళి ఘనంగా చేశాం కదా అనే మాటకి ఈ లెక్కలో చోటు లేదు. కట్నం వాటా కాదు. ఇక ఆడపిల్ల "నాకొద్దన్నా, నువ్వే ఉంచుకో" అందంటే అడగాల్సింది ఒకటే: తన వాటా ఎంతో ఆమెకి తెలుసా? నేను చూసినవాళ్ళలో ఎక్కువమందికి తెలియదు. పుట్టింటి గుమ్మం మూసుకుపోతుందని భయపడి అంటారు. నా పద్ధతి ఇది: ఎన్ని సెంట్లో, ఇవాళ ధర ఎంతో కాగితం మీద రాసి చూపించాలి. ఆమె పేరు ఎక్కాలి. ఆ తర్వాత కూడా ఇవ్వాలనిపిస్తే హక్కు విడుదల దస్తావేజు రాసి రిజిస్టర్ చేయిస్తుంది. మా చిన్నచెల్లెలు అంతకుముందు పదేళ్ళు వద్దు వద్దన్న మనిషి, నలభైన్నర సెంట్లు అని చూశాక ఒక్క మాట మాట్లాడకుండా కాగితం మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.

భిన్నాలు కుదరనప్పుడు

ఒక్కోసారి వంతులు కూడితే ఒకటి దాటుతుంది. ఒకావిడ భర్తనీ ఇద్దరు సొంత అక్కచెల్లెళ్ళనీ వదిలి పోయింది. సగం, మూడింట రెండు కలిపితే ఆరింట ఏడు. ఖలీఫా ఉమర్ కాలంలో ఇలాంటి ప్రశ్నే వచ్చింది. ఆరు కాదు, ఏడు భాగాలు చేసి భర్తకి 3, వాళ్ళకి రెండేసి ఇమ్మన్నారు. దీన్ని ఔల్ అంటారు. భార్య, ఇద్దరు కూతుళ్ళు, తల్లి, తండ్రి ఉంటే 24 కాస్తా 27 అవుతుంది. ఖలీఫా అలీని ఖుత్బా (మసీదు ప్రసంగం) మధ్యలో దీని గురించి అడిగితే, భార్య ఎనిమిదో వంతు తొమ్మిదో వంతైంది అని మింబరు (ప్రసంగ వేదిక) మీద నుంచే చెప్పారంటారు. క్లాసులో కసాగు చెప్పేటప్పుడు మతం పేరెత్తకుండా ఈ లెక్క చాలాసార్లు వాడాను. వంతులు కూడితే ఒకటికి తక్కువై, మిగిలింది తీసుకునేవాళ్ళు లేకపోతే చేసేది రద్. తల్లీ ఒక కూతురూ మాత్రమే ఉంటే ఆరో వంతు, సగం పోగా మిగిలేది అదే 1:3 నిష్పత్తిలో మళ్ళీ వాళ్ళకే. తల్లికి పావు, కూతురికి ముప్పావు. వేరే వారసులున్నప్పుడు భార్యాభర్తలకి రద్ రాదు. షియాలు ఔల్‌ని ఒప్పుకోరు, వాళ్ళ వారసుల వరసే వేరు. అలాంటి ఇల్లైతే నేను వాళ్ళ ఆలిం (మత పండితుడు) దగ్గరికే పంపిస్తాను.

కడుపులో బిడ్డ ఉన్నా, వారసుల్లో ఒకరు కనపడకుండా పోయినా, రెండు మూడు తరాల చావులు పేరుకున్నా సొంతంగా తేల్చకండి. హైదరాబాదు జామియా నిజామియాలో ఫత్వాలిచ్చే దారుల్ ఇఫ్తా ఉంది, పెద్ద ఊళ్ళలో ముఫ్తీలు ఉంటారు. ప్రశ్న రాసేటప్పుడు మాత్రం పేర్లకంటే చుట్టరికాలూ తేదీలూ స్పష్టంగా రాయండి. కాగితాలకైతే డెత్ సర్టిఫికెట్, తహసీల్దారు ఆఫీసులో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, పొలానికి పాసు పుస్తకం మార్పు, అందరూ సంతకం పెట్టిన భాగపంపిణీ దస్తావేజు. డిపాజిట్లకి బ్యాంకు అడిగితే కోర్టు నుంచి వారసత్వ సర్టిఫికెట్.

అన్నీ రాశాక చివరి వరసలో వాటాలు కూడండి. మాది 81, నలభైన్నర మూడుసార్లు, ఏడున్నర, 30. మొదటిసారి నాకు 237న్నర వచ్చింది. రెండున్నర సెంట్లు ఎక్కడ పోయాయా అని వెతికితే, తమ్ముడి వాటాలో చిన్నచెల్లెలికి రావాల్సింది వెయ్యడం మర్చిపోయాను.